‘మత్తు డాక్టర్ని అవుతాను మేడమ్!’

“మేడమ్, నాకు అనస్థీషియా అంటే చాలా ఇంట్రెస్టు. ఆ సంగతి మీ అందరికీ తెలియాలంటే నేనేం చెయ్యాలి?”

కిందటేడు మా డిపార్ట్‌మెంట్ గుమ్మంలో నిలబడి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఫైనల్ ఇయర్ చదువుతోంది. మెడలో స్టెతస్కోపు, చేతిలో ఇంకా అట్ట కూడా వెయ్యని కొత్త నోట్‌బుక్. నాకు నవ్వొచ్చింది, దాంతోపాటు ఆశ్చర్యమూ వేసింది. ముప్పై ఏళ్లు దాటిన నా సర్వీసులో గైనకాలజీ కావాలన్న ఆడపిల్లల్ని చూశాను, పిల్లల డాక్టర్లం అవుతామన్నవాళ్లని చూశాను. ఈమధ్య అయితే అందరి నోటా డెర్మటాలజీ, రేడియాలజీ. ముందే అనుకుని, కావాలని, మత్తు డాక్టర్ని అవుతానన్నవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. “వచ్చిన ర్యాంకుకి ఇదే వచ్చింది మేడమ్” అనే మాటే మాకు అలవాటు.

ఆ అమ్మాయికి అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. “రేపు పొద్దున ఏడింటికి థియేటర్‌కి రా, చూద్దాం” అని పంపించేశాను. ఆ రాత్రంతా అదే ఆలోచన. ఎవరైనా నన్ను ఇదే ప్రశ్న ముప్పై ఏళ్ల క్రితం అడిగి ఉంటే ఏం చెప్పేదాన్ని?

అడగకుండానే చెప్పేదాన్ని. ఎందుకంటే ఇంట్రెస్టు చూపించడంలో అప్పట్లో నన్ను మించినవాళ్లు లేరు. కాకపోతే నేను చూపించింది అనస్థీషియా మీద కాదు.

ఆ రాత్రి తల్లి పేరు

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నా గురి అంతా గైనకాలజీ మీదే. మా యూనిట్ చీఫ్ మేడమ్ రౌండ్స్‌కి వస్తుంటే కేసుషీట్లు పట్టుకుని వెనకాలే నడిచేదాన్ని. ఆవిడ అడగకముందే జవాబు చెప్పేదాన్ని. సెమినార్‌లో ముందు వరుస. ఆవిడ బ్యాగు కారు దాకా మోసిన రోజులు కూడా ఉన్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ దాచడం ఎందుకు!

ఒక అర్ధరాత్రి సిజేరియన్. ఊరి నుంచి ఎడ్లబండి మీద, ఆ తర్వాత బస్సులో వచ్చిన మనిషి. వెన్నుకి మత్తు సూది ఇచ్చారు. ఆ రోజుల్లో మా థియేటర్‌లో పల్స్ ఆక్సీమీటర్ లేదు. వేలికి తగిలించే ఆ చిన్న క్లిప్పు మాదాకా రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. బీపీ యంత్రం, చెవిలో స్టెతస్కోపు, నాడి మీద వేలు, రక్తం రంగు మీద కన్ను, అంతే. అనస్థీషియా మేడమ్ మందు తీసుకోవడానికి అటు తిరుగుతూ “నాడి మీద వేలు తియ్యకు” అని నాతో చెప్పారు.

బిడ్డ బయటికొచ్చింది. క్షణం నిశ్శబ్దం, ఆ వెంటనే ఏడుపు. థియేటర్‌లో ఆ ఏడుపు వినిపించగానే అందరి తలలూ అటు తిరుగుతాయి. నాదీ తిరిగింది. వేలు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు. మందు సిరంజితో వెనక్కి తిరిగిన మేడమ్ మాత్రం బిడ్డను చూడలేదు. తల్లి పెదవులు చూశారు. “తెల్లబడుతోంది, గర్భసంచి బిగుసుకుందా లేదా చూడండి!” అని ఒక్క కేక. అప్పటికే బాగా బ్లీడింగ్ అవుతోంది. సెలైన్లు వేగంగా వదిలారు, గర్భసంచి బిగియడానికి ఇంజక్షన్ ఇచ్చారు, వార్డ్‌బాయ్ రక్తం సీసా కోసం పరుగెత్తాడు. తల్లి బతికింది.

మర్నాడు తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను. ఆవిడ టీ తాగుతూ అడిగారు. “రాత్రి బిడ్డ ఎంత బరువుంది?”

“మూడు కిలోలు మేడమ్.”

“తల్లి పేరేమిటి?”

నాకు తెలియదు. ఆమె నాడి మీద వేలు పెట్టి కూర్చున్నాను, కానీ పేరు తెలియదు. ఆవిడ ఇంకేమీ అనలేదు. వార్డుకి వెళ్లి పేరు కనుక్కొచ్చాను. ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం డ్యూటీ లేకపోయినా థియేటర్‌కి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను. ఆ నిలబడడం వారం, నెల అయింది, తర్వాత రెండేళ్ల డిప్లొమా అయింది, ఆపైన ఎం.డి. కూడా అయింది.

ర్యాంకు ఉంటే చాలదా?

చాలామంది పిల్లలు అడుగుతారు. అడగడంలో తప్పులేదు. మన దేశంలో పీజీ సీటు ఇచ్చేటప్పుడు “నీకు ఏ సబ్జెక్టంటే ఇష్టం?” అని ఎవరూ అడగరు. మా రోజుల్లో హెల్త్ యూనివర్సిటీ ఎంట్రన్స్ ఉండేది, 2017 అడ్మిషన్ల నుంచి నీట్ పీజీ. రెండు వందల ప్రశ్నలు, ఒక ర్యాంకు, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు. ఇంటర్వ్యూ లేదు. ప్రొఫెసర్ గారి సిఫార్సు పనికిరాదు, పనికిరాకూడదు కూడా. అమెరికాలో రెసిడెన్సీకి వెళ్లాలనుకునే మన పిల్లల సంగతి వేరు. అక్కడ ఇంటర్వ్యూలుంటాయి, మన పని దగ్గరుండి చూసిన డాక్టర్లు రాసిచ్చే ఉత్తరాలకి విలువుంటుంది.

మరి ఇక్కడ ఇంట్రెస్టు చూపించి ఏం లాభం? రెండు లాభాలున్నాయి. మొదటిది, నేర్పించేవాళ్లు నేర్పిస్తారు. గోడకి ఆనుకుని ఫోన్ చూసుకునేవాడి చేతికి మాస్కు ఎవరిస్తారు? రెండోది ఇంకా పెద్దది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవడానికి చేతిలో ఉండేవి కొద్ది రోజులే. ఇంట్లో నాన్న ఒకటంటారు, బాబాయి ఒకటంటారు, ఫ్రెండ్స్ వాట్సాప్‌లో ఇంకొకటి. ఆ గొడవలో “నేను ఈ పని రాత్రి రెండింటికి కూడా చెయ్యగలను” అని మీకు మీరు చెప్పుకోగలగాలంటే ముందే ఒకసారి రాత్రి రెండింటికి అక్కడ ఉండి చూసి ఉండాలి.

ముందురోజు సాయంత్రం మొదలవుతుంది

ఎం.బి.బి.ఎస్.లో అనస్థీషియా పోస్టింగ్ మహా అయితే వారం, రెండు వారాలు. పిల్లలు దాన్ని సెలవు కిందే లెక్కేస్తారు. పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి, పేషెంటు నిద్రపోయాక ఓసారి తొంగిచూసి, పదిన్నరకి క్యాంటీన్‌లో తేలతారు. అప్పటికి మా పనిలో సగం అయిపోయి ఉంటుందని వాళ్లకు తెలియదు.

మా పని ముందురోజు సాయంత్రం వార్డులో మొదలవుతుంది. రేపు ఆపరేషన్ ఉన్న మనిషి మంచం దగ్గర కూర్చోవాలి. ఇంతకుముందు మత్తు ఇచ్చారా? అప్పుడేమైనా అయిందా? ఆయాసం ఉందా? ఏ మాత్రలు వేసుకుంటున్నారు? కట్టుడు పళ్లున్నాయా? ఊగే పన్ను ఉందా? తర్వాత నోరు తెరిచి నాలుక బయట పెట్టమనాలి. వెనకాల కొండనాలుక ఎంతవరకూ కనిపిస్తోందో చూడాలి. గొంతులోకి గొట్టం వెయ్యడం సులువో కష్టమో అంచనా కట్టే ఆ పరీక్షకి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు మల్లంపాటి. అవును, మన తెలుగువారే! అమెరికాలో బోస్టన్‌లో పనిచేసిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు 1985లో తన సహచరులతో కలిసి దాన్ని ప్రకటించారు. మొదట మూడు తరగతులుండేవి. 1987లో ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు నాలుగోది చేర్చారు. మందు లేదు, యంత్రం లేదు, ఖర్చు లేదు. పేషెంటుకి ఎదురుగా కూర్చుని నోట్లోకి జాగ్రత్తగా చూడడమే. మెడికోలు ఎవరి అనుమతీ అడగకుండా చెయ్యగలిగిన పనులు మా దగ్గర కొన్నే ఉన్నాయి. పేషెంటు సరేనంటే ఇది అందులో ఒకటి. యాభై మందిని చూసి రాసుకుని, మర్నాడు గొట్టం వేసేటప్పుడు పక్కన నిలబడి మీ అంచనా నిజమైందో లేదో సరిచూసుకోండి. పుస్తకం చదివితే రాని పాఠం అది.

తిండి సంగతి ఇంకో పెద్ద కథ. ప్లాన్ చేసిన ఆపరేషన్‌కి ముందు తేలికపాటి ఆహారమైతే ఆరు గంటలు, మంచినీళ్లయితే రెండు గంటలు ఆగాలన్నది నియమం. వేపుళ్లు, మాంసం తింటే ఇంకా ఎక్కువ. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అయితే మన ఊళ్లవాళ్లని “ఏమైనా తిన్నారా?” అని అడిగిచూడండి. “ఏమీ తినలేదమ్మా” అంటారు. అబద్ధం కాదు. వాళ్ల లెక్కలో అన్నం తినలేదని అర్థం. రెండు ఇడ్లీలు, గ్లాసుడు టీ తిండి కిందికి రావు!

ఆ కొత్త నోట్‌బుక్ అమ్మాయి నన్ను ఒప్పించింది ఇక్కడే. వచ్చిన నాలుగో రోజో ఐదో రోజో, లిస్టులో మొదటి కేసు హెర్నియా. పెద్దాయన. అందరికీ “ఏమీ తినలేదు” అనే చెప్పాడు. ఈ అమ్మాయి థియేటర్ బయట స్ట్రెచర్ పక్కన నిలబడి “తాతగారూ, పొద్దున ఎవరొచ్చారు ఇంటినుంచి?” అని మాట కలిపింది. కోడలొచ్చిందట, ఉప్మా తెచ్చిందట. “ఆపరేషన్ చేస్తే మళ్లీ ఎప్పుడు పెడతారో అని రెండు ముద్దలు తిన్నానమ్మా” అన్నాడాయన. ఆ అమ్మాయి లోపలికొచ్చి నా పక్కన నిలబడి మెల్లగా చెప్పింది. సర్జన్ గారు చేతులు కడుక్కుంటున్నారు. కేసు మధ్యాహ్నానికి జరపాలంటే ఆయన లిస్టంతా తారుమారు. “ఎవరు చెప్పారు? ఆ స్టూడెంటా?” అని ఆయన ముఖం చిట్లించారు. పిల్ల చెంపలు ఎర్రబడ్డాయి గానీ మాట వెనక్కి తీసుకోలేదు. “ఉప్మా మేడమ్, ఏడున్నరకి” అని టైముతో సహా మళ్లీ చెప్పింది.

కేసు జరిపాం. ఆ సాయంత్రం సర్జన్ గారే ఆ అమ్మాయి పేరు అడిగి తెలుసుకున్నారు.

మిగతా విషయాలు త్వరగా చెప్పేస్తాను. పొద్దున ఏడింటికి వస్తే మెషీన్ ఎలా సరిచూస్తామో, సక్షన్ పనిచేస్తోందా లేదా అని ఎందుకంత పట్టుగా చూస్తామో అర్థమవుతుంది. సిరంజిలోకి మందు తీసిన వెంటనే లేబుల్ అంటించడం చూడండి, చదవండి, కానీ చెప్పకుండా ముట్టుకోకండి. మా మందులు అలాంటివి. ఖాళీ వయల్ అయినా సరే జేబులో వేసుకోవద్దు. థియేటర్‌లో సెల్ఫీ మాట అసలు ఎత్తవద్దు, పేషెంటు ముఖం అందులో పడకపోయినా సరే. గొట్టం వెయ్యడం నేర్పమని మొదటిరోజే అడిగే పిల్లలున్నారు. ముందు మాస్కు పట్టుకుని, దవడ ఎత్తి, బ్యాగు నొక్కి గాలి పంపడం నేర్చుకోండి. గొట్టం పడకపోయినా గాలి పంపగలిగితే మనిషి బతుకుతాడు. బొమ్మ మీద ఎన్నిసార్లయినా ప్రాక్టీసు చెయ్యొచ్చు, అదేమీ అనుకోదు.

రీసెర్చ్ పేపర్ ఉంటే బాగుంటుందని ఎవరో చెప్పగా, డబ్బు కట్టి పేరు వేయించుకునే పిల్లలు కనిపిస్తున్నారు. నాకు నచ్చదు. అంత సరదా ఉంటే ఐ.సి.ఎం.ఆర్. వాళ్లు 1979 నుంచి ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల కోసం నడుపుతున్న రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఉంది, దానికి అప్లై చెయ్యండి. ప్రశ్న చిన్నదైనా సొంతదై ఉండాలి. మీ వార్డులో ఆపరేషన్‌కి ముందు పేషెంట్లు నిజంగా ఎన్ని గంటలు పస్తుంటున్నారో గడియారం పెట్టుకుని రాయండి. కొందరు ఇడ్లీలు తిని వస్తే, మరికొందరు ముందురోజు రాత్రి నుంచీ మంచినీళ్లు కూడా లేకుండా సాయంత్రం దాకా ఎదురుచూస్తుంటారు. ఆ కాగితం చదివి మీ ప్రొఫెసర్ సిగ్గుపడాలి. మేం కొంత పడ్డాం కూడా.

ఇంకోటి. గుండె ఆగి పడిపోయినవాడికి ఛాతీ నొక్కడం మామూలు జనానికి నేర్పించే కార్యక్రమాన్ని మత్తు డాక్టర్ల సంఘం (ఇండియన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్, 1947లో పుట్టింది) చాలాచోట్ల చేస్తోంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు చేతులతో, గట్టిగా. ముందు మీరు నేర్చుకుని, తర్వాత ఆటోస్టాండులో నలుగురికి నేర్పండి. తెలిసిన విషయాన్ని తెలియనివాళ్లకి తెలుగులో చెప్పగలిగినప్పుడే మనకి ఎంత తెలుసో బయటపడుతుంది.

‘ఆడపిల్లకి బాగుంటుంది’ అంటే?

“అనస్థీషియా తీసుకోమ్మా. ఓపీ ఉండదు, క్లినిక్ ఉండదు, ఇల్లు చూసుకోవచ్చు.” ఈ సలహా ఇచ్చే పెద్దల్ని ఏమనాలో నాకు తెలియదు. కాన్పులు, యాక్సిడెంట్లు టైము చూసుకుని రావు. నా కూతురు పదో తరగతి పరీక్షలు రాస్తున్న రోజుల్లో నేను ఎన్ని రాత్రులు ఇంట్లో ఉన్నానో నా కూతుర్నే అడగాలి. 2020, 2021లో కోవిడ్ వార్డుల్లో రోగుల గొంతులో గొట్టాలు వేసింది ఎక్కువగా మావాళ్లే, నోటి దగ్గర నోరు పెట్టినంత దగ్గరగా. సుఖంగా ఉంటుందని ఇందులోకి వచ్చినవాళ్లు రెండో ఏడాదికే ఏడవడం చూశాను. ఇష్టపడి వచ్చినవాళ్లూ ఏడుస్తారు, మర్నాడు మళ్లీ ఏడింటికి వస్తారు.

పేరు కూడా రాదు. పేషెంటు దండం పెట్టేది సర్జన్‌కే. మా నాన్నగారు చివరిదాకా “మా అమ్మాయి డాక్టరు” అనేవారు తప్ప ఏం డాక్టరో చెప్పేవారు కాదు. పెళ్లిచూపుల్లో ఒకాయన “అయితే సొంత నర్సింగ్‌హోం పెట్టడం కుదరదన్నమాట!” అని జంతికలు నములుతూ లేచి వెళ్లిపోయాడు. మంచిదే అయింది.

కానీ మా శాఖలో ఆడవాళ్ల చరిత్ర చిన్నదేం కాదు. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో 1885లో చేరి 1889లో బయటికొచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థటిస్టుగా చెబుతారు. క్లోరోఫాం సురక్షితమా కాదా అని దేశదేశాల డాక్టర్లు వాదించుకుంటున్న రోజుల్లో, నిజాం డబ్బుతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో, 1889లో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు ప్రయోగాలు జరిపాయి. ఆ లారీ శిష్యురాలే ఈవిడ. పేషెంటు ముక్కు దగ్గర గుడ్డ మీద చుక్క చుక్కగా క్లోరోఫాం వేస్తూ, ఊపిరి మీద కళ్లు పెట్టి కూర్చున్న ఆడమనిషిని ఆ కాలంలో ఊహించుకోండి.

అమెరికాలో వర్జీనియా ఆప్గార్ సర్జన్ కావాలనే చేరింది. ఆడదానివి, సర్జరీలో నిలదొక్కుకోలేవని పెద్దాయన చెబితే అనస్థీషియాకి వచ్చింది. 1949లో కొలంబియా వైద్య కళాశాలలో పూర్తి ప్రొఫెసర్ హోదా పొందిన మొదటి మహిళ అయింది. కాన్పు గదిలో అందరూ తల్లిని చూస్తుంటే బిడ్డని పట్టించుకునేవాళ్లు లేరని గమనించి, బిడ్డ పుట్టిన నిమిషానికే ఇచ్చే మార్కుల పద్ధతి కనిపెట్టింది. 1953లో అచ్చయిన ఆ ఆప్గార్ స్కోరుతోనే ఇప్పటికీ మన ఊళ్లలో పిల్లలు పుడుతున్నారు. నేను బిడ్డ వైపు తిరిగి తప్పు చేశాను, ఆవిడ బిడ్డ వైపు తిరిగి చరిత్రకెక్కింది! ఇద్దరి విషయంలోనూ లెక్క ఒకటే. ఆ క్షణంలో ఎవరూ చూడనివాళ్లని చూడడమే మా ఉద్యోగం.

ఆ నోట్‌బుక్ అమ్మాయి ఇప్పుడు హౌస్ సర్జన్. రెండు నెలల క్రితం వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చారు. మండలంలో ఎరువుల దుకాణం. చేతిసంచిలో మామిడికాయలు తెచ్చారు.

“డాక్టరమ్మా, మీరు చెబితే వింటుంది. ర్యాంకు బాగా వస్తే డెర్మటాలజీ పెట్టుకోమని చెప్పండి. మత్తు డాక్టరంటే మా ఊళ్లో ఎవరికి తెలుస్తుంది?”

“మీకు ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా?” అని అడిగాను.

“అపెండిసైటిస్, పదేళ్లయింది.”

“చేసిన డాక్టరు పేరు గుర్తుందా?”

ఠక్కున చెప్పారు. మత్తు ఇచ్చినాయన పేరు నేను అడగలేదు. ఆయనే కాసేపు ఆలోచించి, “ఒకాయన తలకాయ దగ్గర కూచుని ‘భయం లేదు, నేనిక్కడే ఉంటా’ అన్నాడు. మొహం కూడా సరిగా చూడలేదు” అన్నారు. కాస్త ఆగి, “పిల్ల ఇష్టం లెండి. కానీ రాత్రిళ్లు డ్యూటీకి బండి మీద ఒక్కతే వెళ్లొద్దని మాత్రం చెప్పండి” అన్నారు.

ఆ మాట చెబుదామని సాయంత్రం ఆ అమ్మాయిని వెతికాను. రూములో లేదు, క్యాంటీన్‌లో లేదు. పోస్ట్ ఆపరేటివ్ వార్డులో, పొద్దున థైరాయిడ్ ఆపరేషన్ అయిన ఒకావిడ మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చుంది. నోట్‌బుక్ చివరి పేజీల్లోకి వచ్చేసింది. “గొంతు నొప్పిగా ఉందా పిన్నీ? మాట బొంగురుగా ఏమైనా ఉందా? ఏదీ, మీ పేరు ఒకసారి గట్టిగా చెప్పండి” అంటోంది.